తగ్గిపోయిందట

రాత్రి పదకొండున్నర. కడుపునొప్పన్న మా అబ్బాయి పడుకున్నాడు. నేనే అరగంటకోసారి వెళ్ళి పొట్ట మీద చెయ్యి వేసి చూసి వస్తున్నాను. మెత్తగానే ఉంది, అయినా మనసు కుదుటపడదు. తొమ్మిదింటికి మంచం మీంచి లేచి "తగ్గిపోయిందమ్మా" అన్నాడు చూడండి, ఆ మాటే ఇప్పుడు నన్ను నిద్రపోనివ్వడం లేదు. అందరూ హమ్మయ్య అనుకున్నారు. నాకు మాత్రం కాళ్ళు వణికాయి.

మధ్యాహ్నం వీధి చివర గృహప్రవేశం భోజనం. పనసపొట్టు కూర, ఆవడలు, బూరెలు. ఎన్ని తిన్నాడో వాడికే తెలియాలి. నాలుగింటికి బొడ్డు చుట్టూ నొప్పి అన్నాడు. అత్తగారు ఆముదం సీసా తెచ్చేశారు. ఆవకాయ దగ్గర గొడవపడినప్పట్నుంచీ ఆవిడా నేనూ పొడిపొడిగానే ఉన్నాం, ఇప్పుడు సీసా లాక్కున్నందుకు ఆ నాలుగు మాటలు కూడా పోయాయి. పోనీ. పేగుల్లో ఏం జరుగుతోందో తెలియకుండా విరేచనాలకి పోస్తే, అపెండిక్స్ వాచి ఉంటే అది పగిలే ప్రమాదం ఉంది. ఈ సంగతి మా ఇంట్లో నాకు తప్ప ఎవరికీ పట్టదు.

ఇక ఈయన. "గ్యాసు." అంతే, ఒక్క మాట. గుండెల్లో మంటైనా గ్యాసే, నడుం పట్టినా గ్యాసే, మా మావయ్యగారికి గుండెపోటు వచ్చిన రోజు కూడా మొదట గ్యాసే అన్నారు. మా ఊళ్ళో ప్రతి మగాడి జేబులోనూ ఒక గ్యాసు మాత్రల షీటు ఉంటుంది, అది ఉంటే చాలు, ఇక డాక్టరుతో పనిలేదు. అపెండిక్సేమో చూద్దామని వాణ్ణి దగ్గమన్నాను, కుడికాలి మీద గెంతమన్నాను. గెంతాడు కానీ ముఖం కొంచెం చిట్లించాడు, లేక నాకే అలా అనిపించిందో. ట్యూషన్ పోతుందని ఈయన గొణిగితే, ఎన్నోసార్లు ఆయన చెప్పిన పాఠమే ఆయనకి అప్పజెప్పాను: 1902లో ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేకం రెండ్రోజులుందనగా అపెండిక్స్ వల్లే వాయిదా పడింది, మీ ట్యూషనెంత అని. సోషల్ మాస్టారు కిక్కురుమనకుండా బండి తీశారు.

రాజోలులో డాక్టరుగారు ఎడమవైపు నొక్కి కుడివైపు నొప్పా అని అడిగారు, మెల్లగా నొక్కి టక్కున చెయ్యి తీసి చూశారు. రక్తపరీక్షలో తెల్లకణాల కౌంట్ మామూలుగానే ఉంది, మొదట్లో అలా ఉన్నా ధీమా పనికిరాదన్నారు. స్కానింగ్ రిపోర్టులో ఏం రాశారో తెలుసా? పేగుల్లో గ్యాసు అడ్డుగా ఉండటం వల్ల అపెండిక్స్ కనపడలేదట! దారి పొడవునా ఈయన ముఖం చూడాలి. ఏదో గెలిచినట్టు. కనపడలేదంటే లేదని కాదండీ అంటే వినరు. రాత్రి కనిపెట్టి చూడండి, పొద్దున్నే మళ్ళీ తీసుకురండి, నొప్పి కుడివైపు కిందకి దిగితే వెంటనే వచ్చేయండి అన్నారు డాక్టరుగారు.

కిందకి దిగడమంటే ఏంటో నేను చూశాను. 1996 వేసవి, తుఫాను ఏడాది. తమ్ముడికి పదేళ్ళు. వాడికీ బొడ్డు దగ్గరే మొదలైంది, తర్వాత రెండు వాంతులు. చేపల పులుసంటే ప్రాణం పెట్టేవాడు కంచం తోసేశాడు. రాత్రికి నొప్పి కుడివైపు కిందకి జారింది, కుడి మోకాలు పొట్టకి ముడుచుకుని పడుకున్నాడు, ఒళ్ళు కొంచెం వెచ్చగా ఉంది. ఊళ్ళో వైద్యం చేసే ఆర్‌ఎంపీ గారు సైకిల్ మీద వచ్చి ఇంజెక్షన్ చేసి గ్యాసమ్మా అని వెళ్ళారు. తెల్లారుజామున వాడు "తగ్గిపోయింది" అన్నాడు. అమ్మ దేవుడికి కొబ్బరికాయ కొట్టింది, నాన్న కొబ్బరికాయల దింపు ఉందని తోటకి పోయారు, నేను సంతోషంగా ముగ్గు వేశాను. మధ్యాహ్నానికి పొట్ట చెక్కలా బిగిసింది.

గోదావరి మీద చించినాడ వంతెన అప్పటికి ఎక్కడిది? కాలవగట్టు మీద రిక్షాలో సఖినేటిపల్లి రేవుకి. గతుకు వచ్చినప్పుడల్లా వాడు పెట్టిన కేక నాకింకా చెవుల్లో ఉంది. రేవు దాటించే పంటు అవతలి ఒడ్డున ఉంది. నాటుపడవ మాట్లాడి నర్సాపురం చేర్చేసరికి సాయంత్రం. పగిలినప్పుడు కాసేపు హాయిగానే ఉంటుంది, ఆ తర్వాతే చీము పొట్టంతా పాకుతుంది అని ఆపరేషన్ చేసినాయన నాన్నకి చెబుతుంటే పక్కనే నిలబడి విన్నాను. మూడు వారాలు ట్యూబుతో ఉన్నాడు. మా వైపు దీన్ని ఇరవై నాలుగ్గంటల నొప్పి అంటారు, ఆ పేరు వినే జనం ఇంకా టైముందిలే అనుకుంటారు కాబోలు.

ఇన్నేళ్ళూ ఆ ఆర్‌ఎంపీని తిట్టుకుంటూనే ఉన్నాను. ఇక్కడ కూడా తిడదామనే కూర్చున్నాను. కానీ రాస్తుంటే గుర్తొస్తోంది, మధ్యాహ్నం ఎవరూ పిలవకుండానే ఆయనే వచ్చారు, పొట్ట తట్టి చూసి ముఖం పాలిపోయి, వాణ్ణి ఆయనే ఎత్తుకుని పడవెక్కించారు. పడవ డబ్బులు కూడా ఆయనే ఇచ్చారేమో, నాన్న తోట నుంచి లుంగీ మీదే పరిగెత్తుకొచ్చారు. మరి రాత్రి కుడికాలు ముడుచుకుని పడుకున్నవాణ్ణి నేనూ చూశాను కదా, పద్నాలుగేళ్ళదాన్ని. సోడా తెచ్చి తాగించాను.

సాయంత్రం కువైట్ నుంచి తమ్ముడు వీడియోకాల్ చేశాడు. చొక్కా ఎత్తి మచ్చ చూపించి మేనల్లుణ్ణి బెదిరించి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఇదిగో, మావాడు లేచాడు. "అమ్మా, బూరెలున్నాయా?" అంటున్నాడు. ఆకలి! అపెండిక్స్ వాచినవాడు అర్ధరాత్రి బూరెలు అడగడు, దాదాపుగా. పక్కగదిలోంచి కళ్ళు కూడా తెరవకుండా ఈయన: "గ్యాసని చెప్పానా."

బూరెలు రెండున్నాయి. లేవని చెప్పాను.