రోహిణి కార్తెలో హేమకుండ్ మంచుదారి

బెజవాడ నుంచి బద్రీనాథ్ వెళ్లేవాళ్లంతా గోవింద్ ఘాట్ మీదుగానే వెళతారు. కొన్ని బస్సులు అక్కడ టీ కోసం కాసేపు ఆగుతాయి, అంతే. అక్కడ రోడ్డు వదిలి లక్ష్మణగంగ వెంట పైకి నడిస్తే హేమకుండ్ అనే మంచు సరస్సు వస్తుందని, దాని ఒడ్డున లక్ష్మణస్వామి గుడి ఉందని మనలో తెలిసినవాళ్లు తక్కువ. తెలిసినవాళ్లు కూడా బద్రీనాథ్ ప్యాకేజీకి ఇంకో రోజు కలుపుకుంటే సరిపోతుందనుకుంటారు. అలా వెళ్లొద్దని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఈ యాత్ర కోరిక అక్కది. గుంటూరు బ్రాడీపేటలో ఉంటుంది, అరవై దాటాయి. రోజూ రామాయణ పారాయణ చేసుకుంటుంది. "రాముడికి ఊరూరా గుడి ఉందిరా, లక్ష్మణుడికి విడిగా గుడి ఎక్కడుంది చెప్పు" అని ఎప్పటి నుంచో అడిగేది. హేమకుండ్ ఒడ్డున లక్ష్మణుడు తపస్సు చేశాడని గఢ్వాల్ జనం నమ్ముతారు. ఆ చోటును లోక్‌పాల్ అంటారు. సిక్కులకూ అది పరమ పవిత్రం. గురు గోవింద్ సింగ్ తన రచన 'బచిత్తర్ నాటక్'లో తన పూర్వజన్మ తపస్సు గురించి చెబుతూ, ఏడు శిఖరాల మధ్య ఉన్న హేమకుంట్ అనీ, పాండురాజు యోగసాధన చేసిన చోటు అనీ గుర్తులు ఇచ్చారు. ఆ గుర్తులు పట్టుకుని వెతికి, 1930లలో సంత్ సోహన్ సింగ్ ఈ సరస్సు దగ్గరికి చేరారు. అర్జునుడు తపస్సు చేసింది మన ఇంద్రకీలాద్రి మీద, ఆయన తండ్రి పాండురాజు చేసింది అక్కడ. ఈ సంగతి చెప్పాక అక్క ఇక ఆగలేదు.

సంక్రాంతి వెళ్లగానే నడక మొదలుపెట్టాం. నేను బెజవాడ నుంచి, తను గుంటూరు నుంచి తెల్లవారేసరికి మంగళగిరి చేరుకుని పానకాల స్వామి మెట్లు ఎక్కి దిగేవాళ్లం. మొదట్లో నాలుగు చోట్ల కూర్చునే అక్క, ఉగాది నాటికి ఆగకుండా ఎక్కింది. డాక్టరు ఇద్దరికీ బీపీ, ఈసీజీ చూసి, ఎత్తు ప్రదేశాలకు వేసుకునే మాత్ర రాసిచ్చారు. ఆ మాత్ర ఎవరికి వారు కొనుక్కుని వేసుకునేది కాదు, తప్పకుండా డాక్టర్ని అడగాలి. బూట్ల కింద తగిలించుకునే ఇనుప ముళ్ల పట్టీలు కూడా ముందే తెప్పించుకున్నాం. మా సామానులో అన్నిటికంటే పనికొచ్చినవి అవే.

హేమకుండ్ దారి మే ఆఖరు వారంలో తెరుస్తారు, అక్టోబరులో మూసేస్తారు. జూలై, ఆగస్టుల్లో వెళితే మంచు తక్కువ, పూలు ఎక్కువ. కానీ కొండచరియలు విరిగిపడే వానలు కూడా అప్పుడే. మేం మంచుకే సిద్ధపడి, దారి తెరిచిన కొద్ది రోజులకు బయలుదేరాం. ఇక్కడ రోళ్లు పగిలే రోహిణి కార్తె. ఢిల్లీ రైల్లో ఏసీ బోగీ దాటితే వడగాలి. ఋషికేశ్ నుంచి గోవింద్ ఘాట్ దాదాపు 270 కిలోమీటర్లు, రోజంతా ఘాట్ రోడ్డే.

గోవింద్ ఘాట్ నుంచి పుల్నా అనే ఊరిదాకా జీపులున్నాయి. అక్కడి నుంచి, యాత్రికులు రాత్రికి ఆగే ఘాంఘరియాకు దాదాపు పది కిలోమీటర్ల నడక. గుర్రాలున్నాయి, మనిషిని బుట్టలో కూర్చోబెట్టి వీపున మోసే నేపాలీ కూలీలున్నారు, వాతావరణం బాగుంటే హెలికాప్టరూ ఉంది. అక్క నడుస్తానంది, నడిచింది. ఘాంఘరియా 10,000 అడుగుల ఎత్తులో ఉంటుంది. మర్నాడే పైకి వెళదామని మాతో నడిచినవాళ్లు అన్నారు కానీ మేం ఒక రోజు అక్కడే ఉండిపోయాం. ఊరి చుట్టూ మెల్లగా తిరిగాం, నీళ్లు బాగా తాగాం. మొదటి రాత్రి నాకు తల దిమ్ముగా ఉండి నిద్ర పట్టలేదు. రెండో రాత్రికి సర్దుకుంది. ఒంటికి ఆ గాలి అలవాటు కావాలంటే ఒక రోజు ఇవ్వాల్సిందే. దీనికి వేరే దారి లేదు.

అక్కడి నుంచి హేమకుండ్ ఆరు కిలోమీటర్లే. కానీ ఆ ఆరు కిలోమీటర్లలో దాదాపు 4,000 అడుగులు ఎక్కాలి. పైన గాలి ఒత్తిడి మన బెజవాడలో ఉండేదానిలో దాదాపు 60 శాతమే. చీకటితోనే బయలుదేరాం. సగానికి పైగా దారి రాళ్లు పరిచి వంకర్లు తిరుగుతూ పోతుంది, చేతికర్ర ఉంటే చాలు. ఆ తర్వాత అట్లకుడి. ఏటా యాత్ర మొదలయ్యే ముందు సైనికులు ఇక్కడి హిమానీనదాన్ని తవ్వి దారి చేస్తారు. రెండు పక్కలా మనిషిని మించిన మంచు గోడలు. పగలు కరిగిన నీళ్లు రాత్రికి మళ్లీ గడ్డకట్టి, వందల మంది తొక్కిన ఆ దారి పొద్దున పూట నూనె పోసిన గచ్చులా ఉంటుంది. 2023 జూన్‌లో ఇక్కడే మంచు జారిపడి ఒక యాత్రికురాలు చనిపోయారు. ఈ సంగతి మా ఇద్దరికీ తెలుసు. అందుకే ఆ గోడల మధ్య ఫొటోల కోసం ఒక్క క్షణం కూడా ఆగలేదు.

మాతో వచ్చిన నేపాలీ కుర్రాడు అక్కకు నడక నేర్పాడు. అంగలు చిన్నవిగా వెయ్యాలి. పాదం మొత్తం ఒకేసారి ఆనించాలి. కర్ర దిగిందని నిశ్చయమయ్యాకే రెండో కాలు ఎత్తాలి. దారి అంచుకు పోకూడదు, లోపలి గోడ వైపే నడవాలి. అక్క అడుగుకో "గోవిందా" అంటూ నడిచింది. వెనక వస్తున్న పెద్దాయన, తెల్లగడ్డం సర్దార్జీ, కాసేపు విని "వాహెగురు" అని జత కలిపారు. వంకర దగ్గర మంచు మరీ నున్నగా ఉన్న చోట ఆయనే ముందుకెళ్లి తన కర్ర చివర అక్కకు అందించారు. ఆ భాష ఈమెకు రాదు, ఈ భాష ఆయనకు రాదు. నాకు కళ్లు తడయ్యాయి.

ఆఖరి కిలోమీటరులో పది అడుగులకోసారి ఆగాం. "ఏరా, ఊపిరి ఆడుతోందా?" అని అక్కే నన్ను అడుగుతోంది. తలనొప్పి పెరిగినా, మాట తడబడినా, అడుగు తూలినా అక్కడి నుంచే వెనక్కి తిరగాలని ముందే మాట అనుకున్నాం. ఆ అవసరం రాలేదు.

పైకి చేరేసరికి సరస్సు సగం పైన ఇంకా మంచే. ఒడ్డున మాత్రం నీళ్లు కనిపిస్తున్నాయి, అడుగు రాళ్లు లెక్కపెట్టేంత తేటగా. చుట్టూ శిఖరాలు, మధ్యలో మంచు బరువును తట్టుకునేలా వాలు కప్పు వేసిన గురుద్వారా. కుర్రాళ్లు "సత్ శ్రీ అకాల్" అంటూ ఆ నీళ్లలో మునుగుతున్నారు. అక్క కూడా మునుగుతానంది. "వద్దక్కా, దిగాల్సిన దారి ఇంకా ఉంది" అని చేతులు పట్టుకున్నాను. కాసేపు ఆలోచించి, దోసిలితో నీళ్లు తీసుకుని తల మీద చల్లుకుంది.

లక్ష్మణుడి గుడి చిన్నది. మన గుడుల్లా గోపురం, ధ్వజస్తంభం చూడాలనుకుని వెళితే ఏమీ ఉండవు. ముందు మంచు తవ్వి మనిషి పట్టేంత దారి చేశారు. అక్క ఊర్మిళ పేరు చెప్పుకుని గుంటూరు నుంచి తెచ్చిన పసుపు, కుంకుమ, ఒక రవిక గుడ్డ గడప దగ్గర పెట్టింది. "పద్నాలుగేళ్లు ఆమె లేకుండా ఈయన తపస్సేముందిరా" అంది. ఆ మాట నాకు ఇంత దూరం వచ్చిన ఫలం. గురుద్వారాలో కూర్చుని సిక్కుల ప్రార్థన అర్దాస్ విన్నాం. వేడివేడి కిచిడీ, స్టీలు గ్లాసు నిండా టీ పెట్టారు. ఎక్కడి నుంచి వచ్చారని గానీ, మీరు సిక్కులేనా అని గానీ ఎవరూ అడగలేదు.

పైన రాత్రి ఉండనివ్వరు. మధ్యాహ్నం దాటకముందే దిగాలి. దిగడమే ఎక్కువ కష్టం. ఎండకు మంచు పైపొర మెత్తబడి కాలు జారుతుంది, మోకాళ్ల మీద భారం పడుతుంది, మనసేమో పని అయిపోయిందని ఏమరుపాటుగా ఉంటుంది. ముళ్ల పట్టీలు రాళ్లదారి వచ్చేదాకా విప్పలేదు.

గోవింద్ ఘాట్‌కు దిగిన రోజు హోటల్లో తెనాలి వాళ్లు ఒక జట్టు కలిశారు. అందరూ అక్క వయసువాళ్లే. మర్నాడు హెలికాప్టర్లో ఘాంఘరియా వెళ్లి, గుర్రాల మీద పైకెక్కి, రాత్రికల్లా తిరిగి రావాలని వాళ్ల ఆలోచన. అక్క వాళ్ల మధ్య కూర్చుంది. "అట్లా ఎక్కకండమ్మా. కాళ్లకు గుర్రం సాయం చేస్తుంది, ఊపిరికి ఎవరు చేస్తారు? రెండు రాత్రులు ఘాంఘరియాలో పడుకోండి. మంచు ఎట్లా ఉందో పొద్దున్నే గురుద్వారాలో అడగండి. వద్దంటే ఆగిపోండి, లక్ష్మణస్వామి ఏమీ అనుకోడు" అని గంటసేపు చెప్పింది. మా ముళ్ల పట్టీలు కూడా వాళ్లకే ఇచ్చేసింది. వాళ్లు డ్రైవరుతో మాట్లాడి బద్రీనాథ్ గదులు రెండు రోజులు వాయిదా వేసుకున్నారు. మేం జీపెక్కి, పాండురాజు పేరు మీద వెలసిన పాండుకేశ్వర్‌లో యోగధ్యాన బదరి దర్శనం చేసుకుని, చీకటి పడేలోపు బద్రీనాథ్ చేరాం.