ఓడకి మెయిలు పెట్టేముందు

వైజాగులో ఓడల మీద పనిచేసేవాళ్ళున్న ఇళ్ళు తక్కువేం కాదు. ఇంట్లోవాళ్ళకి రోజుకి జీబీన్నర, రెండు జీబీల డేటా. నడిసముద్రంలో ఉన్నాయనకి శాటిలైటు లింకు. ఇక్కణ్ణించి 4 ఎంబీల ఫొటో పెట్టి, చూశారో లేదో అని ఎదురుచూస్తుంటారు. చాలా ఓడల్లో మెయిలుకి సైజు పరిమితి ఉంటుంది. దాటిందా, ఒడ్డునున్న సర్వర్లోనే ఆగిపోవచ్చు. పంపినవాళ్ళకి మాత్రం వెళ్ళినట్టే కనిపించవచ్చు.

బిల్లు దేన్ని కొలుస్తుందో దాన్నే మనం పొదుపు చేస్తాం. ఫోను లైను మీద నెట్ కలిపే డయలప్ రోజుల్లో కొలత నిమిషాల్లో. అందుకే మెయిలంతా ముందే తీరిగ్గా రాసుకుని, లైను కలిపి, సెండ్ కొట్టి తెంపేసేవాళ్ళు. 56 కేబీపీఎస్ (సెకనుకి 56 కిలోబిట్లు, ఎనిమిది బిట్లు ఒక బైటు) మోడెం అని పేరే గానీ సెకనుకి 4, 5 కేబీలొస్తే గొప్ప. ఒక ఎంబీకి నాలుగు నిమిషాలు. జీపీఆర్‌ఎస్ (పాత సెల్‌ఫోన్లలో నెట్) వచ్చాక చాలా ప్లాన్లలో 10 కేబీకి 10 పైసలు, అంటే ఎంబీకి పది రూపాయలు. గంటసేపు ఉన్నా ఫరవాలేదు, బొమ్మ తెరుచుకుంటే గుండె గుభేలు. ఇప్పుడు అర్ధరాత్రికి మురిగిపోయే కోటా. గుడ్ మార్నింగ్ వీడియోలు ఊరికే పుట్టాయా!

ఎస్సెమ్మెస్‌ది ఇంకో తమాషా. ఒక మెసేజికి 140 బైట్లు. ఇంగ్లీషు లిపిలో 160 గళ్ళు పడతాయి, తెలుగులో 70. అందులోనూ ‘స్తా’ ఒక్కటే నాలుగు గళ్ళు తినేస్తుంది: స, పొల్లు, త, దీర్ఘం. 71వ గడిలోకి అడుగుపెడితే రెండు మెసేజిల డబ్బు. తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టే అలవాటుకి ఇదీ ఒక కారణమే.

మెయిల్లో ఆ భయం అక్కర్లేదు. ‘రేపు వస్తాను’ తెలుగులో 34 బైట్లు, ఇంగ్లీషు లిపిలో 12. పేజీడు తెలుగు రాసినా కొద్ది కేబీలే. బరువంతా అటాచ్‌మెంటుది. మెయిల్లో ఫైలు బేస్64లోకి, అంటే ఉత్త అక్షరాల రూపంలోకి మారి మూడోవంతుకి పైగా ఉబ్బుతుంది. 4 ఎంబీలు ఐదున్నర అవుతాయి. కోటా అయిపోయి 64 కేబీపీఎస్‌కి పడిపోయిన ఫోన్లో అది కదలడానికి పదకొండు నిమిషాలు. డేటాని కొలిచి బిల్లు వేసే ఓడలో అయితే ఆ నిమిషాల బదులు డబ్బులు.

కాబట్టి కంప్యూటర్లో జీమెయిల్ కంపోజ్ తెరిచి, కింద మూడు చుక్కలు నొక్కి ‘ప్లెయిన్ టెక్స్ట్ మోడ్’ పెట్టండి. లేకపోతే అదే ఉత్తరం మామూలుగా ఒకసారి, హెచ్‌టీఎంఎల్‌లో (రంగులు, ఫాంట్ల హంగులతో) ఒకసారి, రెండుసార్లు వెళ్తుంది. రిప్లై కింద వేలాడే పాత తోకంతా కోసేయండి. సంతకంలో లోగో ఉంటే అదీ తీసేయాలి, ‘సరే’ అన్న ఒక్క మాటకి అదే పెద్ద మూట. ఫొటో పంపక తప్పదంటే 640×480కి కుదించి, జేపెగ్ క్వాలిటీ 60 పెడితే చాలావరకు 100 కేబీల లోపే ఉంటుంది. కాగితానికి ఫొటో తియ్యడంకన్నా అందులో ఉన్నది టైపు చెయ్యడం మేలు. జిప్ చేస్తే ఫొటో తగ్గుతుందనుకోకండి, జేపెగ్ అప్పటికే పిండేసిన గుడ్డ. పరిమితి ఎన్ని కేబీలో ఓడెక్కేముందే ఆయన్ని అడిగి పెట్టుకోండి. ఒక్కో ఓడది ఒక్కో లెక్క.