డబ్లిన్‌లో నా అసైన్‌మెంట్ మీద విచారణ: నా అనుభవం

2024 డిసెంబర్ 3, మంగళవారం. రాత్రి తొమ్మిది కావస్తోంది. పార్ట్‌టైమ్ చేస్తున్న సూపర్‌మార్కెట్‌లో పాల ట్రాలీని కోల్డ్ రూమ్‌లోంచి బయటికి లాగుతుంటే జేబులో ఫోన్ కదిలింది. యూనివర్సిటీ నుంచి మెయిల్. సబ్జెక్ట్ దగ్గర ‘సస్పెక్టెడ్ అకడమిక్ మిస్‌కాండక్ట్’, అంటే చదువులో మోసం చేశారన్న అనుమానం, అని ఉంది, దాని కింద నా స్టూడెంట్ నంబర్, మాడ్యూల్ పేరు. మిగతాది చదవలేకపోయాను. ఇంటికి ఫోన్ చేద్దామంటే అక్కడ తెల్లవారుజాము రెండున్నర. షిఫ్ట్ ఇంకో గంట ఉంది, పాలు సర్దుతూనే ఉన్నాను గానీ ఏ ప్యాకెట్ ఎక్కడ పెట్టానో నాకే తెలీదు.

ఇలాంటి మెయిల్ వచ్చిన మనవాళ్ళు ఎవరికీ చెప్పుకోరు. చెబితే కాపీ కొట్టాడనే ముద్ర పడుతుందని భయం. నాకూ అదే భయం ఉండేది, విచారణ తేలేదాకా రూమ్‌లో ఉన్న అక్కకి తప్ప మనవాళ్ళెవరికీ చెప్పలేదు. ఇప్పుడు డిగ్రీ చేతికొచ్చింది, కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, నా తప్పు ఎంతో కూడా దాచకుండా.

మాది గుంటూరు జిల్లా. బీటెక్ అయ్యాక రెండేళ్ళు ఉద్యోగం చేసి, ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టి లోన్ తీసుకుని 2024 సెప్టెంబర్‌లో డేటా అనలిటిక్స్ మాస్టర్స్‌కి వచ్చాను. ఐర్లాండ్ లెక్కలో అది లెవెల్ 9, మొత్తం 90 క్రెడిట్లు, ఏడాదిలో పూర్తి. లెవెల్ 9 పాసైతే చదువయ్యాక స్టాంప్ 1జి అనే అనుమతి మీద రెండేళ్ళు ఇక్కడే ఉండి ఉద్యోగం చూసుకోవచ్చు. మనవాళ్ళు చాలామంది ఇక్కడికి రావడానికి కారణం అదే, నాకూ అదే. డిగ్రీ చేతికి రాకపోతే 1జి లేదు, 1జి లేకపోతే లోన్ తీరే దారి లేదు. ఆ రాత్రి బస్సులో నా బుర్రలో తిరిగింది ఈ లెక్క ఒక్కటే.

అసలు అసైన్‌మెంట్ ఏంటంటే, 2,500 పదాల లిటరేచర్ రివ్యూ, అంటే ఒక విషయం మీద వచ్చిన పరిశోధన పేపర్లు చదివి వాటి సారం రాయడం, మాడ్యూల్ మార్కుల్లో 40 శాతం దానికే. టాపిక్ మన ఇష్టం. నేను వ్యవసాయ ఉత్పత్తుల ధరల అంచనా తీసుకున్నాను, ఎందుకంటే నాన్న మిర్చి రైతు, గుంటూరు యార్డులో రేటు కోసం ఎదురుచూడటం నా చిన్నప్పటి నుంచీ మా ఇంట్లో ఉన్నదే. మూడు వారాలు కష్టపడ్డాను. అయినా వేరేవాళ్ళ రాతలతో పోల్చి చూసే సాఫ్ట్‌వేర్ రిపోర్టులో పోలిక 31 శాతం వచ్చింది, దానికి తోడు ఏఐతో రాసి ఉండొచ్చని సాఫ్ట్‌వేర్ కొన్ని పేరాలకి గుర్తు పెట్టింది.

ఏఐతో రాయించలేదు, ఇది నిజం. కానీ రెండు పేరాల్లో నేను చేసింది మాత్రం తప్పే. ఒక పేపర్‌లోని వాక్యాలు పక్కన పెట్టుకుని, ఒక్కో మాట మార్చుకుంటూ, వాక్యం ఎముకలు అలాగే ఉంచి రాశాను, పేరా చివర ఒక్కచోట రిఫరెన్స్ ఇచ్చాను. అది సరిపోతుందనుకున్నాను. ఇంకో పేరా బాగా వచ్చిందో లేదో అని ఉచితంగా దొరికే పారాఫ్రేజ్ టూల్‌లో (వాక్యాల్ని వేరే మాటల్లో తిరగరాసిచ్చేది) వేసి, అదిచ్చిన నాలుగు వాక్యాలు అలాగే ఉంచేశాను.

బీటెక్‌లో ల్యాబ్ రికార్డులు ఎలా రాశామో మీకు తెలుసు. సీనియర్ రికార్డు తెచ్చుకుని, రాత్రంతా కూర్చుని, బొమ్మలతో సహా దించేసి, హెచ్‌ఓడీ సంతకం పెట్టించుకునేవాళ్ళం. నీటుగా రాస్తే మంచి మార్కులు. నాలుగేళ్ళు ఎవరూ అది తప్పని చెప్పలేదు, పైగా రికార్డు పూర్తి చేయకపోవడమే తప్పు. అలా పెరిగినవాళ్ళకి ఇంకొకరి మాటకీ మన మాటకీ మధ్య గీత ఎక్కడుంటుందో కనిపించదు. ఇది సాకుగా చెప్పట్లేదు. ఇక్కడికొచ్చిన మొదటి వారంలో ఓరియెంటేషన్‌లో దీని గురించి స్లైడ్లు వేశారు, నిజమే, గంటలోపు అయిపోయింది, మేం 140 మందిమి ఉన్నాం, ఆ వారం నా ధ్యాసంతా అద్దెకి గది దొరకడం మీద ఉంది. వినడం వేరు, ఒక్కసారైనా చేయించి చూపించడం వేరు.

మర్నాడు వాట్సాప్ గ్రూప్‌లో పేరు చెప్పకుండా ‘ఇలా మెయిల్ వస్తే ఏం చేయాలి’ అని అడిగాను. పదినిమిషాల్లో ఇద్దరు ప్రైవేటుగా మెసేజ్ పెట్టారు, హైదరాబాద్‌లో ఒకాయన ఉన్నాడు, డబ్బులిస్తే మళ్ళీ మొత్తం కొత్తగా రాసిస్తాడు, ఏ సాఫ్ట్‌వేర్‌కీ దొరకదు అని. దయచేసి ఆ గుమ్మం తొక్కకండి. ఐర్లాండ్‌లో 2019లో చట్టం సవరించి, విద్యార్థుల బదులు అసైన్‌మెంట్లు రాసిచ్చే వ్యాపారాన్నీ, దాని ప్రకటనల్నీ కూడా నేరం చేశారు. ఉన్న కష్టానికి ఇంకో పెద్ద కష్టం తెచ్చుకోవడం అది.

నాకు పనికొచ్చిన సలహా స్టూడెంట్స్ యూనియన్ ఆఫీసులో దొరికింది. అక్క బలవంతం చేస్తే వెళ్ళాను. యూనియన్ అంటే మన దగ్గర జెండాలు, ధర్నాలు అనుకుంటాం, ఇక్కడ విద్యార్థి తరఫున పాలసీ చదివి, మీటింగ్‌కి పక్కన కూర్చునే మనిషి ఉంటారు, పైసా ఖర్చు లేదు. ఆవిడ నా మెయిల్ చదివి మొదట అన్న మాట, ఇది శిక్ష కాదు, ఇంకా ప్రశ్నే అని. తర్వాత యూనివర్సిటీ పాలసీ తెరిచి నాతో పాటు కూర్చుని చదివింది. నాపై ఉన్న ఆధారాలు ముందే చూసే హక్కు నాకుందని, తోడుగా ఒకర్ని తీసుకెళ్ళొచ్చని, నిర్ణయం నచ్చకపోతే అప్పీలు ఉందని, అదీ అయ్యాక పద్ధతి ప్రకారం జరగలేదనిపిస్తే ఫిర్యాదులు విచారించే ప్రభుత్వ అంబుడ్స్‌మన్‌కి రాయొచ్చని చెప్పింది. ప్రభుత్వ నిధులతో నడిచే యూనివర్సిటీలు 2013 నుంచి అంబుడ్స్‌మన్ పరిధిలో ఉన్నాయి. మార్కులు సరిగ్గా వేశారా లేదా అనేది వాళ్ళు చూడరు, పద్ధతి న్యాయంగా జరిగిందా అనేదే చూస్తారు.

ఆవిడ ఇంకో మాట గట్టిగా చెప్పింది. ‘చేసింది చేశానని చెప్పు, చేయనిది చేయలేదని చూపించు.’ ఆ వారమంతా దానికే సరిపోయింది. నేను గూగుల్ డాక్స్‌లో రాశాను కాబట్టి వెర్షన్ హిస్టరీ ఉంది. తెరిచి చూస్తే నాకే ఆశ్చర్యమేసింది, నవంబర్ 2 రాత్రి పదకొండింటికి రాసిన మొదటి వంకర వాక్యం దగ్గర్నుంచి ప్రతి దిద్దుబాటూ టైముతో సహా ఉంది, ఒక పేరాని ఆరుసార్లు మార్చాను. పెన్నుతో రాసుకున్న నోట్స్ ఫోటోలు తీశాను, చదివిన పేపర్ల పీడీఎఫ్‌లు ఏ తేదీన దించుకున్నానో పట్టిక వేశాను. పారాఫ్రేజ్ టూల్‌లోంచి తెచ్చి అతికించిన నాలుగు వాక్యాలు కూడా ఆ హిస్టరీలో ఒక్కసారిగా ఊడిపడినట్టు కనిపిస్తాయి, అదీ దాచలేదు.

ఏఐ గుర్తు పడిన పేరాల్లో ఒకటి పూర్తిగా నా సొంతం. ఎందుకు పడిందా అని మళ్ళీ మళ్ళీ చదివితే అర్థమైంది. ‘ప్లేస్ ఎ వైటల్ రోల్’, ‘ఇన్ టుడేస్ వరల్డ్’, ‘ఇట్ ఈజ్ ఇంపార్టెంట్ టు నోట్’. ఇంటర్లో వ్యాసాలకి బట్టీ పట్టిన ఇంగ్లిష్ అది. మనకి నేర్పిన ఇంగ్లిషే అచ్చు పోసినట్టుంటుంది, యంత్రం రాసేదీ అలాగే ఉంటుంది. స్టాన్‌ఫర్డ్ వాళ్ళు 2023లో ఒక పరిశోధన ప్రచురించారు. ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్ళు రాసిన 91 టోఫెల్ వ్యాసాలని ఏఐ రాతని పట్టే ఏడు డిటెక్టర్లకి ఇస్తే సగటున 61 శాతం వ్యాసాలని యంత్రం రాసినవిగా తప్పుగా చెప్పాయట. దాన్ని కూడా ప్రింట్ తీసి ఫైల్‌లో పెట్టాను. మనిషి భవిష్యత్తు తేల్చే దగ్గర ఆ శాతం ఒక్కటే ఆధారం కాకూడదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

డిసెంబర్ 12, గురువారం, మీటింగ్. చిన్న గది, విచారించే ముగ్గురు, యూనియన్ నుంచి ఆవిడ, నేను. టేబుల్ మీద నా అసైన్‌మెంట్ రంగురంగుల గీతలతో ప్రింట్ తీసి ఉంది, ఎరుపు, నీలం, ఆకుపచ్చ, ఒక్కో రంగు ఒక్కో మూలానికి. నా పేరు ఉన్న కాగితం అలా చూడటం నాకు చాలా బాధనిపించింది. మొదటి పేజీ ఎర్ర పేరా చూపించి ఇదెలా రాశారని అడిగారు. చెప్పాను, ఆ పేపర్ పక్కన పెట్టుకుని మాటలు మార్చానని, అది తప్పని అప్పుడు తెలీలేదని. టూల్ సంగతి కూడా చెప్పాను.

తర్వాత ఛైర్‌గా ఉన్నాయన ఆ కాగితం పక్కకి తోసి, ధర ఒక్కసారిగా పెరిగినా పడినా ఈ అరిమా మోడల్ (పాత ధరల్ని బట్టి రాబోయే ధర అంచనా వేసే లెక్క) ఎందుకు తప్పుతుంది అని అడిగారు. నాకు అప్పటిదాకా ఉన్న వణుకు ఎక్కడికి పోయిందో తెలీదు. గుంటూరు యార్డు గురించి చెప్పడం మొదలుపెట్టాను. రేటు పడితే రైతులు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, అమ్మకుండా కోల్డ్ స్టోరేజీలో పెడతారు, ఆ సరుకు ధరల పట్టికలో ఎక్కడా కనిపించదు, నెలల తర్వాత బయటికొస్తుంది, పాత ధరలు మాత్రమే చూసే మోడల్‌కి ఆ గోడౌన్లలో ఎంత ఉందో ఎలా తెలుస్తుంది అని. నాన్న రెండేళ్ళ క్రితం అలా పెట్టి, స్టోరేజీ అద్దె కట్టీ కట్టీ చివరికి తక్కువకే అమ్మిన సంగతి కూడా చెప్పేశాను. ఆయన రాసుకుంటూ, ఇదంతా అసైన్‌మెంట్‌లో ఎందుకు లేదు అని అడిగారు. నాకు జవాబు రాలేదు. పేపర్లలో ఉన్నదే రాయాలి, మనకి తెలిసింది రాయకూడదని అనుకున్నాను.

19న నిర్ణయం వచ్చింది. మిస్‌కాండక్ట్ కాదు, ‘పూర్ అకడమిక్ ప్రాక్టీస్’, అంటే రాసే పద్ధతి సరిగ్గా లేదు అన్నారు. మళ్ళీ రాసి జనవరి 13లోపు ఇవ్వాలి, ఎంత బాగా రాసినా మార్కు 40 దాటదు, అంటే పాస్ మార్కే. రికార్డులో మచ్చ పడలేదు. ఆ సాయంత్రం ఇంటికి ఫోన్ చేసి మొత్తం చెప్పాను. నాన్న చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత ‘మిర్చి గురించి అడిగారా వాళ్ళు?’ అన్నారు.

అయితే తేదీలు గట్టిగా తగిలాయి. స్టాంప్ 2 (విద్యార్థుల అనుమతి) మీద ఉన్నవాళ్ళు సెమిస్టర్‌లో వారానికి 20 గంటలే పనిచేయాలి, డిసెంబర్ 15 నుంచి జనవరి 15 దాకా మాత్రం 40 చేయొచ్చు. ఆ నెల సంపాదన మీదే ఫిబ్రవరి అద్దె లెక్క వేసుకున్నాను. అప్పుడు గంటకి 12.70 యూరోలు, జనవరి నుంచి 13.50. మళ్ళీ రాయడం కోసం సగం షిఫ్టులు వదులుకున్నాను.

రాయడం నేర్పింది మా ట్యూటర్. పీహెచ్‌డీ చేస్తూ మా క్లాసులు తీసుకునే ఐరిష్ అమ్మాయి. లైబ్రరీలో పక్కన కూర్చోబెట్టుకుని, పేపర్‌లో పేరా చదివించి, లాప్‌టాప్ మూయించి, ‘ఇప్పుడు నాకు నోటితో చెప్పు’ అంది. చెప్పాను. ‘అదే రాయి, గ్రాండ్’ అంది. గ్రాండ్ అంటే ఇక్కడ బాగానే ఉంది, పర్లేదు అని. నలభై నిమిషాల్లో నాకు అర్థమైంది. తర్వాత తెలిసింది, ఆ నలభై నిమిషాలకి ఆమెకి ఒక్క సెంటు రాదని. వాళ్ళకి క్లాసు గంటలకీ దిద్దే పనికీ లెక్కగట్టి ఇస్తారు. ప్రభుత్వ పరిశోధన స్టైపెండ్ 2022లో ఏడాదికి 18,500 యూరోలు ఉండేది, విద్యార్థులు పోరాడాక, ప్రభుత్వమే వేసిన సమీక్ష సిఫార్సు చేశాక, 2025కి 25,000 అయింది. డబ్లిన్ అద్దెలకి అదీ అంతంతే. ఇంత పాఠం చెప్పేవాళ్ళు ఇప్పటికీ లెక్కలో విద్యార్థులే, ఉద్యోగులు కాదు.

ఉన్నత విద్యకి ఏటా 30.7 కోట్ల యూరోలు తక్కువ పడుతున్నాయని ఐరిష్ ప్రభుత్వమే 2022లో ఒప్పుకుంది. ఆ లోటులో మేం కట్టే ఫీజుల మీద యూనివర్సిటీలు ఎంత ఆధారపడుతున్నాయో క్లాసు చూస్తే తెలుస్తుంది. 140 మందిని చేర్చుకున్నప్పుడు 140 మందికీ ఆ నలభై నిమిషాలు దొరికే ఏర్పాటు కూడా చేయాలి, మొదటి నెలలోనే, మెయిల్ వచ్చాక కాదు. ఐర్లాండ్‌లో చదువుల నాణ్యత చూసే ప్రభుత్వ సంస్థ క్యూక్యూఐ 2019లో పెట్టిన నేషనల్ అకడమిక్ ఇంటెగ్రిటీ నెట్‌వర్క్ మంచి మార్గదర్శకాలే ఇచ్చింది, వాటిని పక్కన కూర్చుని చెప్పే మనిషికి జీతం ఎవరిస్తారనేదే నా ప్రశ్న.

కొత్త వెర్షన్‌లో కోల్డ్ స్టోరేజీల మీద ఒక పేరా రాశాను, నాన్నని ఫోన్లో అడిగి, యార్డుకి ఏ నెలలో ఎంత సరుకొస్తుందో మార్కెట్ కమిటీ లెక్కలతో పోల్చి, ఎక్కడ నుంచి తీసుకున్నానో ప్రతి వాక్యం వెనకా చూపించి. జనవరి 21న మార్కు వచ్చింది. 40. కింద కామెంట్‌లో, పరిమితి లేకపోతే దీనికి 68 వచ్చేదని రాశారు. మన దగ్గర 68 అంటే మొహం మాడ్చుకుంటాం, ఇక్కడ 70 దాటితే ఫస్ట్ క్లాస్.

డిసర్టేషన్ (కోర్సు చివర రాసే పరిశోధన) కూడా మిర్చి ధరల మీదే చేశాను. ఇప్పుడు 1జి కార్డు మీద ఉద్యోగం చూసుకుంటున్నాను. కిందటి సెప్టెంబర్‌లో మా కాలేజీ జూనియర్లు ఐదుగురు వచ్చారు. ఒక ఆదివారం మా గదికి పిలిచి, పప్పు, ఆవకాయ పెట్టి, తిన్నాక ఒక్కొక్కరికీ ఒక పేరా ఇచ్చి చదవమన్నాను. చదివాక లాప్‌టాప్‌లు మూయించాను.