అడ్వాన్స్‌లో ఎనిమిది వేలు మిగిల్చిన జేబు కత్తి

శనివారం సాయంత్రం సామాన్ల వ్యాన్ కదిలిన పది నిమిషాలకే ఓనర్ ఆంటీ పైకి వచ్చారు. వాళ్లుండేది కింద పోర్షన్‌లోనే. తరాల నుంచి బెంగళూరు వాళ్లే, అయినా ఇంట్లో మాట్లాడేది తెలుగు. మా అనంతపురం తెలుగుకి దూరపు చుట్టం లాంటి తెలుగు. గది గదీ తిరిగి చూసి, "చూడప్పా, బేజారు చేసుకోవద్దు. ఇవంతా సరి చేసిస్తే సరి. లేకుంటే నేనే మనుషుల్ని పెట్టి చేయించి అడ్వాన్స్‌లో పట్టుకుంటాను. ఒక ఎనిమిది వేలు అవుతుంది" అన్నారు.

"ఇవంతా" అంటే కిటికీలకు మేం అంటించిన దోమతెర వెల్‌క్రో, కర్టెన్ రాడ్ల బ్రాకెట్లు, ఊగే స్విచ్‌బోర్డు, నీళ్లు సన్నగా వచ్చే వంటింటి కుళాయి, బాల్కనీలో బట్టల తాడు, గోడలకు మేకులు. మహాదేవపుర వైపు ఆ ఇంట్లో మూడేళ్లున్నాం. అద్దె 18,000, అడ్వాన్స్ 1,50,000. ఖాళీ చేసేటప్పుడు రంగులకు ఒక నెల అద్దె పట్టుకోవాలని అగ్రిమెంట్‌లోనే ఉంది కాబట్టి దాని గురించి బాధ లేదు. ఈ ఎనిమిది వేల దగ్గరే ప్రాణం ఉసూరుమంది.

ఆదివారం సాయంత్రానికి తాళాలివ్వాలి. టూల్ బాక్స్ వ్యాన్‌లో కొత్తింటికి వెళ్లిపోయింది. నా దగ్గర మిగిలింది ఇంటి తాళాలు వేలాడుతున్న స్విస్ కత్తి ఒక్కటే.

అది విక్టోరినాక్స్ హంట్స్‌మన్. మడిస్తే 91 మిల్లీమీటర్లు, అంటే అరచేతిలో దాక్కుంటుంది. పెద్ద కత్తి, చిన్న కత్తి, కత్తెర, రంపం, డబ్బా ఓపెనర్, సీసా ఓపెనర్, దబ్బనం, కొక్కెం, కార్క్ తీసే మెలిక స్క్రూ, పక్కన శ్రావణం, పళ్లు కుట్టుకునే పుల్ల. కొన్నప్పుడు మా ఆవిడ "యుద్ధానికి పోతున్నావా?" అంది. మా తాత మొలతాడుకి గుబిలిపుల్ల, ముల్లు తీసే శ్రావణం కట్టుకుని తిరిగేవాడు, ఆయన్ని ఎవరూ అలా అడగలేదు. నిజానికి ఇది నా రెండో కత్తి. మొదటిదాన్ని మర్చిపోయి చేతిబ్యాగులోనే పెట్టుకుని విమానానికి వెళ్లాను. స్కానర్ దగ్గర ఆపి, అందులో పడేయమని అక్కడున్న డబ్బా చూపించారు. తప్పు పూర్తిగా నాదే. అప్పట్నుంచి విమాన ప్రయాణమంటే ముందు దాన్ని చెక్-ఇన్ పెట్టెలో వేశాకే మిగతా బట్టలు సర్దుతాను.

ఆదివారం పొద్దున్నే బ్రాకెట్లతో మొదలుపెట్టాను. అన్నీ స్టార్ స్క్రూలు. హంట్స్‌మన్‌లో స్టార్ స్క్రూడ్రైవర్ ఉండదు, దాని చోట కార్క్ స్క్రూ ఉంటుంది. చాలామందికి తెలియని సంగతేమిటంటే, డబ్బా ఓపెనర్ చివర ఉండే 3 మిల్లీమీటర్ల సన్న మొన మామూలు స్టార్ స్క్రూలో చక్కగా కూర్చుంటుంది. పన్నెండు స్క్రూల్లో తొమ్మిది అలాగే వచ్చేశాయి. మిగతా మూడింటి మీద పాత పెయింటర్ ఎవరో రంగు పూసేశాడు, గాడి కనపడదు. దబ్బనంతో ఆ రంగు గీకి, గాడి బయటపడ్డాక మొన ఆనించి, అరచేత్తో గట్టిగా నొక్కి పట్టి తిప్పాను. నొక్కకుండా తిప్పితే గాడి అరిగిపోయి స్క్రూ అక్కడే సమాధి అవుతుంది.

ఇలాంటి కత్తిలో స్క్రూడ్రైవర్ అసలు వచ్చింది తుపాకి కోసం. 1891లో స్విస్ సైనికులకు కొత్త రైఫిల్ విప్పుకోవడానికి స్క్రూడ్రైవర్, డబ్బాల్లో తిండి తెరుచుకోవడానికి ఓపెనర్ ఉన్న మడత కత్తి ఇచ్చారు. మొదటి విడతవి జర్మనీలో తయారయ్యాయి. తర్వాత కార్ల్ ఎల్సెనర్ వాటిని స్విట్జర్లాండ్‌లోనే చేసి, 1897లో ఇంకా తేలికైన "ఆఫీసర్ కత్తి"కి పేటెంట్ తీసుకున్నాడు. కార్క్ స్క్రూ అందులో వచ్చిందే. రైఫిల్ కోసం పుట్టినదాన్ని నేను స్విచ్‌బోర్డుకి వాడాను. మెయిన్ ఆఫ్ చేశాకే లెండి. పైన ఎర్ర ప్లాస్టిక్ ఉంది కదా అనుకోకూడదు, లోపలంతా లోహమే, కరెంటు పనికి చేసిన వస్తువు కాదు.

కుళాయి పని ఐదు నిమిషాలే. 2024 మార్చిలో నీళ్ల కరువొచ్చినప్పుడు అపార్ట్‌మెంట్లు, హోటళ్లలో కుళాయిలకు ఏరేటర్లు (నీళ్లు తక్కువ ఖర్చయ్యేలా మూతికి బిగించే జాలీలు) పెట్టాలని జలమండలి చెప్పింది కదా, అది చూసి ఆంటీ కూడా ఒకటి పెట్టించారు. మా బోరు నీళ్లేమో ఉప్పు కషాయం. ఏరేటర్ జాలీ నిండా తెల్లటి సున్నం పొరలు. విప్పి, గిన్నెలో వెనిగర్ పోసి నానేసి, పళ్లపుల్లతో కన్నం కన్నం పొడిచాను. (ఆ పుల్లని ఇక పళ్లకి వాడలేదు.) బిగించగానే నీళ్లు మళ్లీ నిండు ధారగా వచ్చాయి.

చావగొట్టింది వెల్‌క్రో. ఆరు కిటికీలు, నాలుగు పక్కలా. చిన్న కత్తి మొన కిందకి దూర్చి ముందుకు తోసుకుంటూ పోదామనుకున్నాను. మొదటి కిటికీ బాగానే అయింది. రెండోదాంట్లో మొన ఎక్కడో తట్టుకుంది, నేను ఇంకాస్త తోశాను, అంతే, కత్తి మడుచుకుని నా చూపుడువేలు మీద పడింది. ఈ కత్తికి లాక్ ఉండదు, లోపలి స్ప్రింగే దాన్ని నిలబెడుతుంది. కోయడానికి సరే, తోయడానికి పనికిరాదు. తెలిసిన విషయమే, తొందరలో మర్చిపోయాను. రక్తం చూసి ఆంటీ కిందనుంచి పసుపు పట్టుకొచ్చారు. "ఇంత అర్జెంటు ఏముంది మగా?" అంటే ఏం చెప్పను, మీ ఎనిమిది వేలే అనలేను కదా.

తర్వాత పద్ధతి మార్చాను. జిగురు మీద కొబ్బరినూనె రాసి అరగంట వదిలేసి, వెల్‌క్రో కొసని శ్రావణంతో పట్టి మెల్లగా లాగితే చాలావరకు ఒకే పట్టీలా ఊడొచ్చింది. మిగిలిన జిగురుని పాత ఏటీఎం కార్డుతో గీకాను. అంటే అక్కడ కత్తి పనే లేదు.

బట్టల తాడు కోసేయొచ్చు గానీ కొత్తింటికి కావాలి. మూడేళ్ల ఎండకి, వానకి నైలాన్ ముడి రాయైపోయింది. మా ఇంట్లో కార్క్ స్క్రూతో ఏ సీసా తెరవలేదు, దాని అసలు ఉపయోగం ముళ్లు విప్పడం. మెలిక కొసని ముడి మధ్యలోకి దూర్చి లాగితే వదులవుతుంది. బాల్కనీలోనే మా కరివేపాకు మొక్క కొమ్మ ఒకటి గ్రిల్ బయటికి వెళ్లి, మళ్లీ లోపలికొచ్చి కూర్చుంది. కుండీ కదలాలంటే కొమ్మ పోవాలి. వేలెడు మందం, రంపం నాలుగు లాగుళ్లకి తెగింది. వ్యాన్‌లో పట్టని ఆ కుండీని ఆంటీకే ఇచ్చేశాను.

మేకుల దగ్గర మాత్రం ఓడిపోయాను. పట్టి లాగడానికి ఇందులో ఏమీ లేదు. టిమ్ లెదర్‌మన్ అనే అమెరికన్ 1975లో పాత ఫియట్ కారేసుకుని యూరప్ తిరుగుతూ, జేబు కత్తితో రిపేర్లు చేయలేక తంటాలు పడి, ప్లయర్స్ ఉన్న మడత పనిముట్టు గీసుకున్నాడట. అమ్మకానికి వచ్చేసరికి 1983 అయింది. ఆయన బాధ నాకు ఆ గోడ దగ్గర తెలిసింది. పక్క బిల్డింగ్ వాచ్‌మన్ దగ్గర కటింగ్ ప్లేయర్ అడిగి తెచ్చి లాగేశాను. కన్నాలకు పుట్టీ పూశాను, ఆ ప్యాకెట్ మూల కత్తిరించింది మాత్రం మళ్లీ ఇందులోని కత్తెరే. రోజూ పాల ప్యాకెట్ దగ్గర్నుంచి మాత్రల స్ట్రిప్ దాకా నేను అన్నిటికన్నా ఎక్కువ వాడేది ఆ కత్తెరనే.

ఐదింటికి ఆంటీ వచ్చి కుళాయి తిప్పి చూశారు, స్విచ్‌బోర్డు వేలితో కదిపి చూశారు, కిటికీ అంచు మీద చెయ్యి రాసి చూశారు. "కొబ్బరినూనె వాసన" అని నవ్వి, లోపలికెళ్లి ఫోన్ తెచ్చి 1,32,000 పంపారు. రంగులకు పోను పూర్తిగా.

ఇక తాళాలివ్వాలి. మూడేళ్లుగా కత్తి రింగుకే ఉన్నాయి. రింగు గోటితో విడదీయబోతే గోరు విరిగింది, వేలికేమో బ్యాండేజీ. కత్తిని తిరగేసి, డబ్బా ఓపెనర్ తెరిచి, దాని మొనని దాని రింగులోనే దూర్చి తిప్పాను. రెండు తాళం చెవులు జారి ఆంటీ చేతిలో పడ్డాయి.