మా పాత కంప్యూటర్‌లో లినక్స్ పెట్టుకున్నాం: నా అనుభవం

మా ఇంటి కంప్యూటర్‌ను 2014లో కొన్నాం. నాలుగో తరం ఐ3 ప్రాసెసర్, నాలుగు జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్కు. మావారు దుకాణం లెక్కల కోసమని తెచ్చారు. కొన్నేళ్లకు దుకాణంలో వేరే మెషీన్ పెట్టుకున్నాక ఇది ఇంటికి చేరింది. అప్పటి నుంచి దాని మీద మామయ్యగారి తెలుగు రాతలు, మా అబ్బాయి ఒడియా పాఠాలు, నా కుట్టుపని బిల్లులు నడుస్తున్నాయి.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలుగా వచ్చే భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 11కు మారాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్ కావాలి, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కూడా ఉండాలి. మా దాంట్లో రెండూ లేవు. చెక్కుచెదరకుండా పనిచేస్తున్న వస్తువును మూలన పడేయడానికి నాకు మనసొప్పలేదు. కుట్టుమిషను బెల్టు తెగితే బెల్టు మారుస్తాం, మిషను పారేయం కదా. విశాఖపట్నంలో ఉండే మా తమ్ముడికి ఫోను చేస్తే, "అక్కా, విండోస్‌కు బదులు లినక్స్ పెట్టుకో. నేను అందులో మింట్ అనే రకం వాడుతున్నాను. పక్కనే ఉన్నట్టు ఫోనులో చెబుతాను" అన్నాడు.

తమ్ముడు చెప్పాడని వెంటనే పెట్టేయలేదు. మాది పర్లాకిమిడి. మహేంద్రతనయ ఏరు దాటితే పాతపట్నం, అంటే ఆంధ్రప్రదేశ్. ఇవతల మేము ఒడిశాలో ఉన్నాం. ఇంట్లో తెలుగు, గడప దాటితే ఒడియా. మా అబ్బాయి తొమ్మిదో తరగతి, చదువంతా ఒడియాలోనే. తెలుగు గడగడా మాట్లాడతాడు కానీ అక్షరం చదవలేడు. మామయ్యగారు జీవితమంతా తెలుగు చెప్పిన మాస్టారు. మనవడికి తెలుగు చదవడం రాదన్నది ఆయనకు లోలోపల ఉన్న బెంగ. ఏటి ఒడ్డు పల్లెల్లో వినబడే మాటలను ఆయన ఏళ్లుగా పోగుచేసి రాసుకుంటున్నారు. కాబట్టి ఏ లినక్స్ అయినా సరే, తెలుగూ ఒడియా రెండూ తప్పుల్లేకుండా చూపించాలి, రెండూ రాయనివ్వాలి. అదే నా షరతు.

లినస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన లినక్స్ నిజానికి లోపల ఉండే ఇంజను. కెర్నెల్ అంటారు. దానికి తెర, మెనూలు, రాతకోతల సాధనాలు, అప్‌డేట్లు వచ్చే ఏర్పాటు కలిపి ఇచ్చేది డిస్ట్రిబ్యూషన్. బియ్యం ఒకటే, వంట ఇంటింటికీ వేరు. 1993లో మొదలైన డెబియన్ మీద 2004లో ఉబుంటు వచ్చింది, ఉబుంటు మీద 2006లో మింట్ వచ్చింది. మన దేశంలో కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ డెబియన్ ఆధారంగా బాస్ అనే దాన్ని తయారుచేసింది. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ అనే సంస్థ వారు తెలుగులోనే కనిపించే లినక్స్ కోసం పనిచేశారు. ఈ సంగతి విన్నప్పుడు మామయ్యగారి ముఖం వెలిగిపోయింది. అయితే చిక్కు వస్తే రాత్రి తొమ్మిదింటికైనా ఫోనెత్తి చెప్పే మనిషి ఎవరున్నారో, ఆ మనిషి వాడేదాన్ని ముందు చూడటం మేలనిపించింది. అందుకే తమ్ముడు వాడే మింట్‌నూ, దానికి మూలమైన ఉబుంటు, డెబియన్‌లనూ కలిపి మూడింటినీ పరీక్షించాలనుకున్నాను.

నెట్ నుంచి దింపుకోవాల్సిన లినక్స్ ఫైలు ఒక్కొక్కటి దాదాపు మూడు నుంచి ఆరు జీబీ వరకు ఉంటుంది. కార్తీక మాసం వానలు, మాటిమాటికీ కరెంటు పోవడం. మొదటి ఫైలు బ్రౌజర్‌లో రెండుసార్లు తెగి, మూడోసారికి పూర్తయినట్టే కనబడింది. తమ్ముడు మాత్రం, "సరిచూడకుండా ముందుకు వెళ్లకు" అని గట్టిగా చెప్పాడు. ప్రతి ఫైలుకూ ఎస్‌హెచ్‌ఏ 256 అనే 64 అక్షరాల వేలిముద్ర ఒకటి ఇస్తారు. విండోస్‌లోని సర్ట్‌యుటిల్ ఆదేశంతో మన దగ్గరున్న ఫైలుకు వేలిముద్ర తీసి, ఆ రెండింటినీ పోల్చాలి. అబ్బాయి ఒకటి చదువుతుంటే నేను రెండోది చూశాను. మొదటి నాలుగు అక్షరాల్లోనే తేడా తెలిసిపోయింది. ఆ ఫైలు తీసేసి, ముక్కలు ముక్కలుగా దింపే టొరెంటు అనే పద్ధతిలో దింపుకున్నాం. టొరెంటు ఎక్కడ ఆగితే అక్కడి నుంచే అందుకుంటుంది, ముక్క ముక్కనూ తనే సరిచూసుకుంటుంది. కరెంటు నిలకడగా ఉండని ఊళ్లకు అదే సరైన దారి.

తర్వాత వెంటాయ్ అనే సాధనం గురించి తప్పక చెప్పాలి. దాన్ని ఒక పెన్‌డ్రైవ్‌లో ఒక్కసారి పెట్టుకుంటే, ఆ తర్వాత ఎన్ని లినక్స్ ఫైళ్లనైనా మామూలు ఫైళ్లలా కాపీ చేసుకోవచ్చు. కంప్యూటర్ మొదలైనప్పుడు జాబితా చూపించి ఏది కావాలో అడుగుతుంది. పెన్‌డ్రైవ్‌లో ముందున్నవన్నీ మాత్రం చెరిగిపోతాయి, కాబట్టి ఖాళీది తీసుకోవాలి. 32 జీబీ పెన్‌డ్రైవ్‌లో మా మూడూ సర్దుకున్నాయి. కంప్యూటర్ ఆన్ చేయగానే బూట్ మెనూ కీ నొక్కి పెన్‌డ్రైవ్‌ను ఎంచుకుంటే చాలు, హార్డ్ డిస్కును ముట్టుకోకుండానే లినక్స్ మొత్తం తెర మీదికి వస్తుంది. ఆ కీ ఒక్కో మెషీన్‌లో ఒక్కోటి. మాకు ఎఫ్12.

మూడు సాయంత్రాలు మూడింటినీ నడిపి చూశాం. ఉబుంటు తెర నాకు చాలా నచ్చింది, కానీ మా నాలుగు జీబీ ర్యామ్‌కు అది బరువైంది. డెబియన్ హాయిగా నడిచింది. అది ఎంచుకున్నా పశ్చాత్తాపపడేదాన్ని కాదు. మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలిక రకం మాత్రం మెనూ, కింద పట్టీ అన్నీ అలవాటైన చోట్లే ఉండి, మామయ్యగారికి కొత్తగా నేర్పాల్సిన పని లేకుండా చేసింది. మింట్ 22 వరుసకు 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి.

అసలు పరీక్ష ఇక్కడే. కీబోర్డు సెట్టింగుల్లో ఇండియన్ అనే పేరు కింద తెలుగు ఉంది. ఒడియా కోసం వెతికితే కనబడలేదు. ఒరియా అనే పాత పేరుతో ఉంది. రెండూ చేర్చి, ఆల్ట్ షిఫ్ట్ నొక్కితే భాష మారేలా పెట్టాను. మామయ్యగారు ముందుకు జరిగి "రాష్ట్రం" రాయమన్నారు. ష కింద ట ఒత్తు, దానికి ర ఒత్తు, మూడూ ఒకదాన్నొకటి తొక్కకుండా కుదురుగా వచ్చాయి. "స్త్రీ", "జ్ఞానం", "లక్ష్మి" కూడా రాయించారు. అద్దాలు పైకి జరిపి తెరకు జానెడు దూరం నుంచి చూసి, "బాగుందమ్మా" అన్నారు.

ఆయన రాయించిన ఆ మాటలను టైపు చేసింది మా అబ్బాయి. తెలుగు అక్షరం రానివాడు ఎలా రాశాడంటే, వాడికి వేసవి సెలవుల్లో బజారులోని కంప్యూటర్ సెంటర్‌లో ఒడియా ఇన్‌స్క్రిప్ట్ నేర్పించాం. ఇన్‌స్క్రిప్ట్ అనేది భారతీయ భాషల్లో చాలావాటికి కలిపి చేసిన కీబోర్డు అమరిక. 1991 నాటి ఐఎస్ 13194 ప్రమాణంలోనూ ఉంది. లినక్స్‌లో తెలుగుకు ముందుగా దొరికే అమరిక కూడా అదే. ఇంగ్లీషు కె ఉన్న కీ నొక్కితే తెలుగులో క, ఒడియాలోనూ క. హెచ్ మీద ప, సి మీద మ, జె మీద ర, డి మీద పొల్లు. భాష మార్చినా వేళ్లు మారవు. తాతయ్య మాట పలుకుతుంటే వాడు ఆ ధ్వనికి అలవాటైన ఒడియా కీ నొక్కాడు, తెర మీద తెలుగు అక్షరం పడింది. వాడు చెయ్యి తీసేసి కాసేపు తెరనే చూశాడు. "ఇదేనా మ?" అని అడిగాడు. నేను ఏ లినక్స్ పెట్టాలన్నది ఆ క్షణంతో తేలిపోయింది. ఇన్‌స్క్రిప్ట్ మూడింటిలోనూ ఉంది, నిజమే. కానీ తాతా మనవలు పక్కపక్కన కూర్చున్నది మింట్ ముందు.

ఇన్‌స్టాల్ చేయడం అనుకున్నంత కష్టం కాదు. కష్టమల్లా అంతకుముందు తీసుకునే జాగ్రత్తే. విండోస్‌ను కూడా ఉంచుకుని డిస్కును పంచుకోవచ్చు, చాలామంది అలాగే చేస్తారు. మాకు పదకొండేళ్ల ఫొటోలు, మామయ్యగారి రాతలు, విండోస్‌లో మాత్రమే తెరుచుకునే పాత దుకాణం లెక్కలు అందులోనే ఉన్నాయి. ఒక తప్పు నొక్కుతో అన్నీ పోతాయన్న భయం నన్ను వదల్లేదు. తమ్ముడు మంచి ఉపాయం చెప్పాడు. మా మరిది బరంపురం నుంచి 240 జీబీ ఎస్ఎస్‌డీ, అంటే వేగంగా పనిచేసే కొత్తరకం డిస్కు, ఒకటి తెచ్చాడు. కరెంటు తీసేసి, డబ్బా తెరిచి, పాత డిస్కు తీగలు రెండూ విప్పి కొత్తదానికి తగిలించాం. పాత డిస్కును మెత్తటి గుడ్డలో చుట్టి, తేదీ రాసి బీరువాలో పెట్టాను. ఇక "డిస్కంతా చెరిపి మింట్ పెట్టు" అన్న వరుసను నిశ్చింతగా ఎంచుకోవచ్చు, చెరపడానికి ఖాళీ డిస్కు తప్ప ఏమీ లేదు. మొదటిసారి చేసేవారు ఎవరు అడిగినా నేను ఈ దారే చెబుతాను. పైగా వేగం పెరిగింది. ఇదివరకు టీ పెట్టి తెచ్చుకునేలోగా తెరుచుకునేది, ఇప్పుడు స్టవ్ వెలిగించేలోపే సిద్ధం.

ఇన్‌స్టాలర్ భాష అడిగినప్పుడు తెలుగు కూడా ఉంది. మెనూల్లో కొన్ని తెలుగు, కొన్ని ఇంగ్లీషు కలగలిసి ఉండటంతో ఇంగ్లీషే ఎంచుకున్నాను. కీబోర్డు కూడా మొదటిది ఇంగ్లీషే ఉంచాలి. లేదంటే పాస్‌వర్డు ఏ లిపిలో పడుతోందో తెలియక లోపలికి వెళ్లలేం. ఆడియో వీడియో నడవడానికి వాడే కోడెక్‌లు కావాలా అని అడిగే గడిలో టిక్కు పెట్టాను. టైమ్ జోన్ కోల్‌కతా. పావుగంటలో అయిపోయింది.

చిక్కు వై-ఫై దగ్గర వచ్చింది. యూఎస్‌బీకి తగిలించే మా పాత వై-ఫై డాంగిల్‌ను మింట్ గుర్తించలేదు. నెట్ లేకుండా డ్రైవరు ఎలా దింపుకోవాలని కంగారుపడ్డాను. ఫోనును ఛార్జింగ్ కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే వెంటనే నెట్ వచ్చింది. నాలుగు రోజులు అలాగే నడిపి, లినక్స్‌లో నేరుగా పనిచేస్తుందని ముందే చూసుకుని వేరే డాంగిల్ తెప్పించుకున్నాం. పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూసిన ఆ మూడు సాయంత్రాల్లో తెలుగు మీద ఉన్న ధ్యాసలో వై-ఫై పరీక్షించడం మరచిపోయాను. మీరు రెండూ చూసుకోండి.

మామయ్యగారి ఫైళ్లు తెరిస్తే కొన్నింట్లో తెలుగుకు బదులు అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. ఆయన ముఖం చూడలేకపోయాను. ఏమీ పోలేదు. అన్ని భాషల అక్షరాలకూ ఒకే సంకేతాలిచ్చే యూనికోడ్ వాడకం రాకముందటి, అచ్చుపనికి వాడిన డీటీపీ ఫాంటుతో రాసినవి అవి. పాత డిస్కును యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి, ఆ ఫాంటు ఫైలును తెచ్చి ఫాంట్ల ఫోల్డరులో వేస్తే అక్షరాలు తిరిగి కనిపించాయి. ఇప్పుడు వాటిని రోజుకు ఒక పేజీ చొప్పున పోతన ఫాంటుతో యూనికోడ్‌లో మళ్లీ రాస్తున్నారు. రాతకోతలకు వాడే లిబ్రే ఆఫీసులో ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఇంగ్లీషు ఫాంటు వేరు, తెలుగు ఫాంటు వేరు. సెట్టింగుల్లో సంక్లిష్ట లిపుల వరుసలో టిక్కు పెట్టి, అక్కడ తెలుగు భాష, తెలుగు ఫాంటు విడిగా ఎంచుకోవాలి. ఇంకొకటి, "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో ట పొల్లు వ కు ఒత్తుగా అతుక్కోకుండా విడిగా నిలవాలంటే కంట్రోల్, షిఫ్ట్, యు కలిపి నొక్కి, 200సి కొట్టి, ఎంటర్ నొక్కాలి. ఇది మామయ్యగారు కాగితం మీద రాసి తెర అంచున అంటించుకున్నారు.

ఫాంట్ల జాబితా తిరగేస్తూ ఆయన ఒకచోట ఆగిపోయారు. నోటో అనే ఫాంట్ల వరుసలో సోరంగ్ సోంపెంగ్ ఉంది. మంగేయ్ గొమాంగో 1936లో సవర భాషకు రూపొందించిన లిపి అది. 2012లో యూనికోడ్‌లో చేరింది. గిడుగు రామమూర్తి పంతులుగారు బడిలో పాఠాలు చెబుతూ సవర నేర్చుకున్న ఊరు మాది. "పక్క కొండల మీద మాట్లాడే భాషకు ఇందులో చోటుంది చూడు" అని మనవడిని పిలిచి చూపించారు.

ఇప్పుడు సాయంత్రం ఏడు నుంచి ఎనిమిది వరకు ఇద్దరూ దాని ముందే ఉంటారు. వాడికి కీ తెలుసు, ఆయనకు అక్షరం తెలుసు. మొన్న శుక్రవారం పొద్దున్న అబ్బాయి బడికి వెళ్తూ అప్‌డేట్లు పెట్టి, తాతయ్య ఆపేస్తారేమోనని తెర మీద ఒక చీటీ రాసి వెళ్లాడు. వాడు తెలుగులో సొంతంగా రాసిన మొదటి వాక్యం అది:

"తాతయ్యా, కోంచేం సేపు ఆగు, పని అవుతోంది."

ఒడియాలో హ్రస్వం, దీర్ఘం అని రెండు ఎ లు, రెండు ఒ లు లేవు. తెలుగు ఎత్వం జడ్ కీ మీద, ఒత్వం ఎడమ పక్క పైమూల కీ మీద ఉంటాయి. వాడి వేళ్లు ఎప్పుడూ అటు వెళ్లలేదు. మామయ్యగారు ఆ చీటీని చెరపలేదు, దాని కిందే "కొంచెం" అని సరిచేసి రాశారు. సాయంత్రం వాడు వచ్చాక వేలు పట్టుకుని జడ్ మీద పెట్టించారు.