మిద్దె మీద చిలగడదుంప: ముడత ఆకుది కాదు, తీగది

అక్టోబర్ 5
ఆరు గ్రో బ్యాగులు నింపాను. నాలుగింటిలో మూడేళ్లుగా నేనే కోసి నాటుకుంటున్న పాత తీగ. రెండింటిలో మిత్రుడి పొలం నుంచి తెచ్చిన భూ సోనా. తిరువనంతపురం దుంప పంటల పరిశోధన కేంద్రం వాళ్ల రకం, లోపల నారింజ రంగు. ఒక్కో ముక్క జానెడు పొడవు, నాలుగు కణుపులు, రెండు మట్టిలోకి.

అక్టోబర్ 27
పాత తీగల లేతాకులు అంచులు పైకి చుట్టుకుని దొప్పల్లా అయ్యాయి. తిరగేసి వేలితో రాస్తే ఈనెలు ఉబ్బెత్తుగా తగులుతున్నాయి. ముదురాకుల్లో ఈనె పక్కన పాలిపోయిన మచ్చలు, వాటి చుట్టూ వంకాయ రంగు గీత. పోయినేడు ఇదే చూసి పోషకాల లోపం అనుకున్నా. సూక్ష్మపోషకాల డబ్బా మొత్తం కొట్టాక కూడా అలాగే ఉంది. చూడబోతే ముడత లీఫ్ కర్ల్ వైరస్‌ది, తెల్లదోమ మోసుకొస్తుంది. మచ్చలు ఫెదరీ మోటిల్ అనే ఇంకో వైరస్‌వి, అది పేనుబంక పని.

నవంబర్ 16
కొత్త ఆకులు చదునుగా వస్తున్నాయి! లీటరుకు 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బు నీళ్లు కలిపి కొట్టిన ఫలితమే అని రెండు రోజులు మురిసిపోయా. తర్వాత చదివితే తెలిసింది: ఈ పంటలో లక్షణాలు వచ్చి పోతుంటాయట, వైరస్ మాత్రం తీగలోనే ఉంటుంది. వేపనూనె దోమను తగ్గిస్తుంది, అంతవరకే. పేనుబంక నిమిషం సేపు రసం పీల్చినా చాలు, అంటించేస్తుంది. ఏటా ముక్కతో పాటు రోగాన్నీ నేనే నాటుకున్నానన్నమాట. బజారు గడ్డ మొలకెత్తించినా లాభం లేదు, గడ్డలోనూ ఉండొచ్చు. నమ్మకంగా శుభ్రమైన మొక్క అంటే ల్యాబులో మొగ్గ కొస నుంచి పెంచి, పరీక్ష చేసి ఇచ్చిందే.

పిట్టగోడ మీది కాశీరత్నం కూడా ఇదే జాతి తీగ, ఈ వైరస్‌లకు ఆశ్రయం ఇవ్వగలదు. పీకేస్తానంటే ఇంట్లో ఒప్పుకోలేదు. అటు చివరకి జరిపాను.

ఫిబ్రవరి 8
తవ్వాను. పాత తీగ నాలుగు బ్యాగులూ కలిపి కిలోన్నర, ఎక్కువ భాగం బొటనవేలంత వేర్లే. భూ సోనా రెండు బ్యాగులకే రెండు కిలోల పావు. రకాలే వేరు కాబట్టి తేడా అంతా వైరస్ మీదికి నెట్టలేను. కానీ మొదటి ఏడాది ఇదే పాత తీగ బ్యాగుకు కిలో దాకా ఇచ్చింది.

పాత తీగలన్నీ కవర్లో కట్టి పారేశా, కంపోస్టులో వేయలేదు. భూ సోనా ఒక బ్యాగును 50 మెష్ నెట్ (తెల్లదోమ దూరలేనంత సన్న కన్నాల వల) కింద పెట్టా, వచ్చే ఏడు నాటే ముక్కల కోసమే. ముడత కనిపిస్తే ఆ మొక్కను ఆ రోజే పీకేయాలి.

"రోగం గడ్డలు తినొచ్చా?" అని అత్తయ్య అడిగారు. మొక్కల వైరస్ మనకేం చేయదు. వచ్చే వారం శివరాత్రికి అవే ఉడకబెడుతున్నాం, మనిషికి నాలుగు వేళ్లంత గడ్డ కూడా రాదు.