దురద లేని పిల్లలకు కూడా

చెన్నైలో రాయపురం ప్రాంతంలోని ఒక నిరాశ్రయుల వసతి గృహానికి నెలకొకసారి వైద్య బృందంతో కలిసి వెళుతుంటాను. నేను వైద్యుణ్ని కాను, మందుల దుకాణంలో చాలా ఏళ్లు పనిచేసినవాణ్ని. అక్కడ మందులు లెక్కచూసి ఇవ్వడం, రిజిస్టరు రాయడం నా పని. నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి కూలికి వచ్చిన కుటుంబాలు కొన్ని అక్కడ ఉన్నందువల్ల, డాక్టరమ్మ తమిళాన్ని తెలుగులో చెప్పే పని కూడా నాదే అయింది. ఆమె "సిరంగా?" అని అడిగితే నేను మొదట్లో "గజ్జా?" అని ఉన్నదున్నట్టు అడిగేవాణ్ని. "గజ్జి కాదన్నా, చెమటకాయలు" అని తల్లులు పిల్లల చేతులను కొంగు చాటుకు లాక్కునేవారు. ఇప్పుడు "రాత్రిపూట దురద ఎక్కువగా ఉంటోందా అమ్మా?" అని అడుగుతున్నాను. ఆ ప్రశ్నకు జవాబు దాచేవారు లేరు.

నగరాల్లో లక్ష జనాభాకు ఒక వసతి గృహమైనా ఉండాలని 2010లో సుప్రీంకోర్టు ఆదేశించింది. గృహం ఉండటం వేరు, ఒకే హాలులో చాపలు ఆనించి పరుచుకుని, దొరికిన దుప్పటిని ముగ్గురు పిల్లలు కప్పుకుని పడుకోవడం వేరు. గజ్జి పురుగుకు అంతకన్నా అనువైన చోటు ఉండదు.

మొదటి నెలలో మేము గోక్కుంటున్న పిల్లలకు మాత్రమే గజ్జి పురుగును చంపే 5 శాతం పెర్మెత్రిన్ క్రీము ఇచ్చి, పని అయిందనుకున్నాము. మరుసటి నెల వెళ్లేసరికి వారితో పాటు వారి పక్కన పడుకునేవారు కూడా గోక్కుంటున్నారు. మొదటిసారి గజ్జి సోకినవారికి దురద నాలుగు నుంచి ఆరు వారాల తరువాత గాని మొదలుకాదు. అంతవరకు పైకి ఏమీ కనిపించకపోయినా పురుగు మాత్రం ఒకరి నుంచి ఒకరికి పాకుతూనే ఉంటుంది. ఈ సంగతి పుస్తకంలో చదివినవాణ్నే అయినా, క్రీము గొట్టాలు చాలవన్న లెక్కలో పడి దాన్ని పక్కన పెట్టాను. తప్పు నాదే.

రెండవసారి ఒక శనివారం సాయంత్రం, కాపలాదారుతో సహా అందరికీ, మెడ నుంచి అరికాళ్ల దాకా, వేళ్ల సందుల్లో, గోళ్ల కింద కూడా పూయించాము. ఏడేళ్ల కుర్రవాడొకడు "నాకు ఇక్కడ దురద లేదు కదా మామా" అంటూ ఒక్కొక్క వేలి సందూ విప్పి చూపించాడు. పురుగు మనిషి ఒంటిని వదిలితే రెండు మూడు రోజులకు మించి బతకదు కాబట్టి దుప్పట్లన్నీ సంచుల్లో మూటకట్టి మూలన పడేసి, వేరే దుప్పట్లు అరువు తెచ్చాము. క్రీము కనీసం ఎనిమిది గంటలు ఒంటిమీద ఉండాలి. కాశిమేడు రేవులో చేపల బుట్టలు దింపే ఒకాయన మాత్రం తెల్లవారుజామున మూడింటికే లేచి వెళ్లాలి, అక్కడ చేతులు మంచునీళ్లలోనే ఉంటాయి. చేతులు కడిగినప్పుడల్లా మళ్లీ పూసుకోవాలి గనుక ఆయన భార్య కొంచెం క్రీమును సీసా మూతలో పెట్టి కాగితం చుట్టి ఇచ్చింది. ఆ ఉపాయం మాలో ఎవరికీ తట్టలేదు.

చీము పట్టిన పుండ్లున్న ఒక పాపను మాత్రం ఎగ్మూరు ప్రభుత్వ పిల్లల ఆసుపత్రికి పంపాము. అలాంటి పుండ్ల వల్ల ఒక్కోసారి మూత్రపిండాలు వాస్తాయి. ముఖం ఉబ్బినా, మూత్రం టీ రంగులో వచ్చినా ఆగకుండా తీసుకువెళ్లాలని తల్లికి రెండుసార్లు చెప్పాను.

వారం తరువాత రెండవ పూత. అప్పటికి ఒక కుటుంబం పని దొరికిన వేరే చోటికి వెళ్లే హడావిడిలో ఉంది. పురుగు చచ్చినా దురద మరి కొన్ని వారాలు ఉంటుందని, భయపడి మందు పదే పదే పూయవద్దని చెప్పి, తేదీ రాసిన చీటీని తెలుగులోనూ తమిళంలోనూ ఇచ్చాను. ఆ కుటుంబంలోని తల్లి దాన్ని నాలుగు మడతలు పెట్టి, పిల్లవాడి టీకాల కార్డు దాచుకున్న పాల కవరులోనే పెట్టుకుంది.